అంబులెన్సులో విద్యార్థి



అమెరికా సంయుక్త రాష్ట్రములలోని అనేక కళాశాలల ప్రాంగణములందు, రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట, గ్రంథాలయమున దీపముల క్రింద వందలకొలది విద్యార్థులు మరునాటి పరీక్షకై పాఠములు వల్లించుకొనుచుండగా, ఆ ప్రాంగణమందే ఒక చిన్న గదిలో ఇద్దరో ముగ్గురో యువతీయువకులు, నడుమునకు రేడియో తగిలించుకొని, ఒడిలో రసాయనశాస్త్ర గ్రంథము తెఱచియుంచుకొని, ఏ క్షణమున పిలుపు వచ్చునోయని చెవియొగ్గి కూర్చుండియుందురు. వీరిని అచ్చట ఈ.ఎం.టి.లని, అనగా ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్లని పిలుతురు. తక్కిన విద్యార్థులవలెనే వీరును తరగతులకు పోవుదురు, ప్రయోగశాలలలో పనిచేయుదురు, పరీక్షలు వ్రాయుదురు. ఇవిగాక వారమునకు ఒకటి రెండు పర్యాయములు అంబులెన్సు నెక్కి, ఆపదలోనున్నవారి యొద్దకు అందరికంటె ముందుగా చేరుదురు.

పూర్తికాలపు కళాశాల విద్యను, పాక్షికకాలపు అత్యవసర వైద్యసేవను ఒకే దేహముతో, ఒకే మనస్సుతో నిర్వహించుట సాధ్యమగునా, అగునేని ఏ నియమములకు లోబడి అగును, ఆ నియమములను విధింపవలసినవారెవరు అను ప్రశ్నలను గూర్చి నాకు తోచిన మాటలు నేడు మనవి చేసికొందును. నేను కొన్ని సంవత్సరములు ఆ దేశమున అధ్యాపకత్వము నెరపితిని. నా తరగతిలో ముందువరుసను కూర్చుండి శ్రద్ధతో వినుచు, ఉన్నట్లుండి తల వాల్చి నిద్రించు విద్యార్థులను చూచితిని. వారిలో కొందరి నిద్రలేమికి కారణము విలాసము గాదనియు, ముందటి రాత్రి వారు ఒక వృద్ధుని గుండెపై చేతులుంచి ప్రాణము నిలుపుటకు పెనుగులాడిరనియు పిదప తెలిసికొంటిని. నాటినుండియు ఈ విషయము నా మనస్సును విడువలేదు.

ఈ సేవ యొక్క పుట్టుపూర్వోత్తరములు తెలియనిదే దీని గౌరవము మనకు బోధపడదు. గడచిన శతాబ్దమున చాలకాలమువరకు అమెరికా పట్టణములలో, ప్రమాదమునకు లోనైనవానిని ఆసుపత్రికి చేర్చు వాహనము పెక్కుచోట్ల శవసంస్కారములు జరిపించు సంస్థలవారిదే అయియుండెడిది. మనుష్యుని పరుండబెట్టి తీసికొనిపోవుటకు తగినంత పొడవైన బండి వారియొద్దనే యుండుట దీనికి హేతువు. ఆ బండిలో వైద్యమెరిగినవాడొకడు వెంటనుండవలెనను నియమము లేకుండెను. వర్జీనియా రాష్ట్రమున రోనోక్ నగరమందు జూలియన్ స్టాన్లీ వైజ్ అను నాతడు, బాల్యమున తన కన్నులయెదుటనే నదిలో పడవ తలక్రిందులై ఇద్దరు మునిగి మరణించుట చూచి, పెరిగి రైల్వేలో ఉద్యోగియైన పిదప, 1928లో తన తోడి ఉద్యోగులను కొందరిని చేర్చుకొని ఒక స్వచ్ఛంద రక్షకదళమును స్థాపించెను. జీతమునాశింపక, తమ తమ వృత్తులు మానక, మిగిలిన వేళలను పరులకై వినియోగించు ఇట్టి దళములు అటుపై అనేక పట్టణములలో వెలసినవి. చదువుకొనుచునే అంబులెన్సులో పనిచేయు నేటి విద్యార్థికి మూలపురుషులు వీరే యని నా అభిప్రాయము.

1966లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ఒక నివేదికను ప్రకటించి, ప్రమాదములవలన గలుగు మరణమును, అంగవైకల్యమును ఆధునిక సమాజము ఉపేక్షించిన వ్యాధిగా పేర్కొనినది. మరుసటి యేట పిట్స్‌బర్గు నగరమున, హిల్ డిస్ట్రిక్టు అను పేదల పేటలో, నిరుద్యోగులై యున్న నల్లజాతి యువకులను చేరదీసి ఫ్రీడమ్ హౌస్ అను అంబులెన్సు సంస్థ ఏర్పడగా, నోటితో శ్వాసనందించు పద్ధతిని శాస్త్రీయముగా నిరూపించిన పీటర్ సఫార్ అను వైద్యుడు వారికి శిక్షణ నొసగెను. లోకము ఎందులకును పనికిరారని త్రోసిపుచ్చిన ఆ యువకులు, వీథిలోనే, ఇంటి గడపలోనే, రోగి యున్నచోటనే చికిత్స ప్రారంభించి, వైద్యపట్టము లేనివాడును తగిన శిక్షణ బడసినచో ప్రాణరక్షణకు సమర్థుడగునని దేశమునకు ప్రత్యక్షముగా చూపిరి. 1975లో నగరపాలకులు ఆ సంస్థను నిలిపివేసిరి గాని, వారు చూపిన మార్గము నిలిచినది.

ఆ కాలమునందే విద్యార్థులును ఈ రంగమున ప్రవేశించిరి. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయమున విద్యార్థుల రక్షకదళము 1969లో ఏర్పడినది. కనెక్టికట్ రాష్ట్రమున డేరియన్ అను పట్టణమందు 1970లో వెలసిన పోస్టు 53 అను సంస్థలో, కళాశాల విద్యార్థులైనను గారు, ఉన్నత పాఠశాలలో చదువు బాలబాలికలే, పెద్దల పర్యవేక్షణ క్రింద, ఊరి అంబులెన్సును నడుపుచున్నారు. జార్జిటౌన్ విశ్వవిద్యాలయపు దళము 1982 నాటిది. 1993లో ఇట్టి కళాశాల దళములన్నిటికిని ఒక జాతీయ సంస్థ ఏర్పడినది. దేశమంతటను ఈ.ఎం.టి.లకు ఒకే ప్రమాణముతో పరీక్ష నిర్వహించు జాతీయ రిజిస్ట్రీ 1970 నుండి యున్నది.

ఇక వీరు చేయు పని యెట్టిది? ఈ.ఎం.టి. కాగోరువాడు సుమారు 150 గంటలకు అటునిటుగా శిక్షణ పొంది, వ్రాత పరీక్షయు, చేతిపని పరీక్షయు నెగ్గవలెను. అంతటితో తీరదు. రెండేండ్లకొకమారు మరల పాఠములు విని అర్హతను పునరుద్ధరించుకొనవలెను. నాడి చూచుట, రక్తపోటు కొలుచుట, శ్వాసమార్గమును తెరచియుంచుట, ప్రాణవాయువు నందించుట, రక్తస్రావమును అరికట్టుట, విరిగిన యెముకకు బద్దకట్టుట, చక్కెర తగ్గి స్మృతి తప్పబోవు మధుమేహరోగికి నోటిద్వారా గ్లూకోజు నొసగుట, వేరుసెనగ వంటి పదార్థము పడక గొంతు వాచి ఊపిరాడనివానికి ఎపినెఫ్రిన్ సూది వేయుట మున్నగునవి వీరి అధికారములోనివి. సాధారణముగా సిరలోనికి సూది యెక్కించు పని వీరిది కాదు. అది అంతకంటె పెక్కు రెట్లు దీర్ఘమైన శిక్షణ పొందిన పారామెడికులది.

గుండె యాగిన మనుష్యుని విషయమున మాత్రము ఈ అల్పశిక్షితుని రెండు చేతులే సర్వస్వము. ఎదురొమ్ము మధ్యభాగమును నిమిషమునకు 100 మొదలు 120 పర్యాయములు, 5 సెంటీమీటర్లకు తగ్గని లోతున, లయ తప్పక నొక్కుచుండవలెను. ఎట్టి చికిత్సయు లేక గడచిన ప్రతి నిమిషమునకును బ్రతుకుపై ఆశ నూటికి 7 మొదలు 10 పాళ్లు సన్నగిల్లును. కావున వైద్యనిపుణుడైనను ఇరువది నిమిషములకు వచ్చిన, అతడు చేయగలిగినది మిగుల స్వల్పము. పందొమ్మిదేండ్ల విద్యార్థియైనను మూడు నిమిషములకు వచ్చిన, అతడు చేయగలిగినది అపారము. ప్రాంగణమందే నివసించి, ప్రతి భవనమునకును దగ్గరిదారి యెరిగిన విద్యార్థి దళమునకుగల విలువ యంతయు ఈ వ్యత్యాసములోనే యున్నది.

అయినను శ్రోతలు దీనిని నిత్యము మృత్యువుతో జరుగు సంగ్రామముగా ఊహింపరాదు. కళాశాల ప్రాంగణమున వచ్చు పిలుపులలో అధికభాగము మద్యము మితిమీరి త్రాగి పడిపోయిన యువకులవి, ఆటస్థలమున చీలమండ బెణికినవి, ఉబ్బసము పైకొనినవి, పరీక్షాభయమున గుండె దడదడలాడి ఊపిరి సలుపనివి. పట్టణపు అంబులెన్సునందైనచో స్నానాలగదిలో జారిపడిన వృద్ధుల పిలుపులే తరచు. పిలుపు లేని వేళను వాహనమున మందులు, పరికరములు సరిచూచుట, స్ట్రెచరును కడిగి క్రొత్త దుప్పటి పరచుట, వాడిన వస్తువుల స్థానమున క్రొత్తవి చేర్చుట, జరిగినదెల్ల క్షుణ్ణముగా రిపోర్టు వ్రాయుట వీరి విధులు. ఈ సామాన్యమైన పనులను నిర్లక్ష్యము చేయువాడు అసామాన్యమైన సమయమున ఖాళీయైన ప్రాణవాయువు సిలిండరుతో రోగియెదుట నిలువవలసివచ్చును. కావున ఈ వృత్తికి తగినవాడెవడో తెలియవలెనన్న, వాడు సైరను మ్రోగుచుండగా చూపు ఉత్సాహమును గాక, ఉదయము ఆరుగంటలకు వాహనమును కడుగునప్పుడు చూపు శ్రద్ధను గమనింపవలెనని నేను చెప్పుదును.

ఇప్పుడు చదువు సంగతి. అమెరికా కళాశాలలలో 12 క్రెడిట్ల పాఠములు తీసికొనువానిని పూర్తికాలపు విద్యార్థిగా నెంచుదురు. నాలుగేండ్లలో పట్టము పొందగోరువాడు సాధారణముగా ఒక్కొక్క సెమిస్టరునకు 15 క్రెడిట్లు తీసికొనును. ఒక క్రెడిట్టు అనగా వారమునకు ఒక గంట తరగతి. తరగతిలో గడపిన ఒక్కొక్క గంటకు తరగతి వెలుపల రెండుగంటలు చదువవలెనని అచ్చటి సంప్రదాయము. అనగా వారమునకు 45 గంటలు. ప్రయోగశాల యున్నచో మరికొంత. వారమునందలి 168 గంటలలో నిద్రకు 56 తీసివేసి, చదువునకు 45 తీసివేయగా 67 గంటలు మిగులును. అందులో 24 గంటలు అంబులెన్సున కిచ్చినను ఇంకను 43 గంటలు స్నానభోజనములకు, స్నేహములకు మిగులును గదా యని ఉత్సాహవంతుడైన విద్యార్థి లెక్కగట్టును. కాగితముపై ఈ లెక్కకు వంక లేదు.

కాని ఆపద కాలపట్టికను చూచి రాదు. ఉదయము ఆరింటికి ముగియవలసిన షిఫ్టున, అయిదుమ్ముప్పావునకు పిలుపు వచ్చును. రోగిని ఆసుపత్రికి చేర్చి, నర్సునకు అప్పగించి, వాహనము శుభ్రపరచి, రిపోర్టు ముగించుసరికి ఎనిమిది దాటును. ఎనిమిదిన్నరకు ఆర్గానిక్ కెమిస్ట్రీ తరగతి యుండును. రాత్రి పిలుపులు రాలేదు గనుక నిద్రించితివి గదా యని కొందరందురు. ఎప్పుడు లేపుదురో తెలియక, బూట్లు విప్పక, రేడియో శబ్దమును వినుచు పొందిన ఆ కునుకు స్వగృహమున నిశ్చింతగా పొందిన నిద్రతో సమానము కాదని ఒక్క రాత్రి అట్లు పరుండిన వారందరికిని తెలియును. అటుపై మూడు నాలుగు దినములవరకు ఆ బడలిక తీరదు. ఇంతలో మరియొక షిఫ్టు వచ్చును.

1997లో డాసన్, రీడ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు నేచరు పత్రికలో ప్రకటించిన పరిశోధన ఇచ్చట స్మరింపదగినది. పదునేడుగంటలు ఎడతెగక మేల్కొనియున్న మనుష్యుని చేతిచురుకుదనము, రక్తమున 0.05 శాతము మద్యము చేరినవాని చురుకుదనముతో సమానముగా క్షీణించినట్లును, ఇరువది నాలుగు గంటలు మేల్కొనియున్నచో అది సుమారు 0.10 శాతమునకు సమానమైనట్లును వారు కనుగొనిరి. అమెరికాలోని అధికసంఖ్యాక రాష్ట్రములలో 0.08 శాతము మద్యముతో కారు నడుపుట నేరము. మద్యము త్రాగి అంబులెన్సు నెక్కిన ఈ.ఎం.టి.ని ఏ సంస్థయు ఒక్క నిమిషమైనను సహింపదు. పగలంతయు తరగతులు, సాయంకాలమంతయు ప్రయోగశాల, రాత్రియంతయు డ్యూటీ చేసి తెల్లవారుజామున చక్రము పట్టిన విద్యార్థిని మాత్రము, ఎంత కష్టపడుచున్నాడని మెచ్చుకొందుము! ఈ మెప్పు ఎంత ప్రమాదకరమైనదో మనమాలోచింపకున్నాము.

ఈ ప్రసంగమున నేను ముఖ్యముగా చెప్పదలచిన మాట ఇదియే. చదువును సేవను కలిపి సాగించు విద్యార్థిని గూర్చి తల్లిదండ్రులు గాని, అధ్యాపకులు గాని విచారించునప్పుడు, వాని మార్కులు తగ్గునా, ఆరోగ్యము చెడునా యని మాత్రమే అడుగుదురు. ఆ రెండు ప్రశ్నలును న్యాయమైనవే. అయితే ఈ వ్యవహారమున మూడవ మనుష్యుడొకడు కలడు. వాడు స్ట్రెచరుపై పరుండియున్నవాడు. తనకు చికిత్స చేయుచున్న యువకుడు ఎన్ని క్రెడిట్లు చదువుచున్నాడో, నిన్నటి రాత్రి ఎన్నిగంటలు నిద్రించెనో అడుగుటకు వానికి శక్తి లేదు, అవకాశము లేదు. మందు మోతాదును రెండుమారులు చదివి చూచుకొను జాగ్రత్త, ఊపిరి శబ్దమున స్వల్పమైన మార్పును పసిగట్టు శ్రద్ధ, ఎదుటివాని బాధకు విసుగుకొనని సహనము, ఇవి యన్నియు నిద్రలేమిచే మొదట నశించునట్టి గుణములు. మెలకువగల సేవకుని పొందుటకు రోగికి హక్కు కలదు. చదువునకును సేవకును గల సమతుల్యమును విద్యార్థి సౌకర్యమునుబట్టి గాక ఈ హక్కునుబట్టి నిర్ణయించినచో, ఏది విడువవలెనో ఏది పట్టవలెనో తనంతట తానే తేటపడును.

ఆ దృష్టితో చూచిన, కొన్ని నియమములు స్వయముగా సిద్ధించును. కళాశాలలో చేరిన మొదటి సెమిస్టరున ఈ పనికి పూనుకొనరాదు. క్రొత్త ఊరు, క్రొత్త చదువు, స్వయముగా వండుకొని తినుట, ఈ మార్పులకే ఆ నాలుగు నెలలు చాలవు. శిక్షణను వేసవి సెలవులలో ముగించుకొనుట ఉత్తమము. ఏలయన సెమిస్టరు నడుమ ఆ 150 గంటల పాఠమే ఒక పూర్ణవిషయమంత భారమగును. షిఫ్టును ఎన్నుకొనునపుడు ప్రయోగశాలకు ముందటి రాత్రిని తప్పక వదలవలెను. పగటి షిఫ్టు దొరికినచో రాత్రి షిఫ్టుకంటె అదియే శ్రేష్ఠము, శనివారపు పగలు మరింత శ్రేష్ఠము. సెమిస్టరు మొదటి వారముననే పరీక్షల తేదీలన్నియు దళనాయకునికి తెలిపి, ఆ దినములకు చెరియొకవైపున ఒక దినమైనను విడిచి తక్కిన వానిలో పేరు వ్రాయించుకొనవలెను. పరీక్షకు ముందుదినమున మిత్రుని బ్రతిమాలి షిఫ్టు మార్చుకొందమను ధైర్యము తరచు భగ్నమగును, ఏలయన ఆ మిత్రునకును అదే పరీక్ష యుండును.

డ్యూటీగదిలో చదువుకొందమని పుస్తకములు మోసికొనిపోవుట అందరును చేయునదే. అచ్చట సాధ్యమైన చదువొకటి కలదు, సాధ్యము గానిది మరియొకటి కలదు. ఇదివరకు నేర్చినదానిని నెమరువేసికొనుట, చిన్న చీటీలపై వ్రాసికొనిన శరీరభాగముల పేర్లను జ్ఞప్తికి తెచ్చుకొనుట అచ్చట చక్కగా సాగును. గంటసేపు తెగని ధ్యానము కోరు గణితసమస్య, మరునాడు అప్పగింపవలసిన వ్యాసము అచ్చట సాగవు. ఆ వ్యాసమును నమ్ముకొని పోయినవాడు పిలుపు వచ్చినప్పుడు లోలోపల రోగిపై కినుక వహించును. రోగిపై కినుక పుట్టిన క్షణముననే ఆ రాత్రి తాను అచ్చటికి రాకూడదనుట స్పష్టము.

ఈ పనివలన చదువునకు మేలు కలుగదా యని ప్రశ్నింపవచ్చును. తప్పక కలుగును. ఊపిరితిత్తులలో నీరుచేరిన రోగి రొప్పుచు లేచి కూర్చుండుటకు తపించుట కన్నులార చూచిన విద్యార్థికి, గుండె యెడమభాగము బలహీనపడినచో రక్తము వెనుకకు ఎట్లు నిలిచిపోవునో చెప్పు పాఠము మరల మరల చదువ నక్కరలేదు. నా విద్యార్థులలో ఇట్టివారు అడిగిన ప్రశ్నలకు ఒక విశేషమైన పదును ఉండెడిది. అవి పుస్తకమునుండి గాక మనుష్యులనుండి పుట్టిన ప్రశ్నలు. అయినను, అనుభవము కలదు గదా యని పాఠము నుపేక్షించినవారు పరీక్షలో తప్పుటయు చూచితిని. నేర్చినదానిని నిలుపుకొనుటకుగూడ నిద్రయే ఆధారము. పగలు చదివిన విషయము మెదడులో స్థిరపడుట అధికముగా రాత్రి నిద్రలో జరుగునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. నిద్రను హరించు సేవ, తానిచ్చిన విజ్ఞానమును తానే హరించునన్నమాట.

కాలముకంటెను మనస్సునకు సంబంధించిన భారము లోతైనది. రాత్రి రెండుగంటల వేళ ఒక తల్లి రోదనము నడుమ ఆమె కుమారుని దేహముపై నలువది నిమిషములు శ్రమించి, ఫలితము లేక, ఉదయము తొమ్మిదింటికి తరగతిలో కూర్చుండి సమీకరణములు వ్రాసికొను యువతి మనస్సును ఊహించుడు. ప్రక్కనున్నవారు రాత్రి చూచిన సినిమాను గూర్చి మాటలాడుకొనుచుందురు. ఆమె తన గదిలోని స్నేహితురాలికైనను జరిగినది చెప్పరాదు. రోగి వివరములు గోప్యముగా నుంచవలెనని 1996 నాటి చట్టము శాసించుచున్నది, ధర్మమును శాసించుచున్నది. కళాశాల దళములోనివారికి ఇంకొక చిక్కు కలదు. నిన్న మద్యము మత్తులో తానెత్తుకొనివచ్చిన రోగి నేడు భోజనశాలలో తన యెదుటి బల్లయొద్ద కూర్చుండును. అతని కన్నులలో సిగ్గు కనిపించును. ఏమియు తెలియనట్లు పలుకరించి పోవుటయే ఆమె ధర్మము. ఇరువదేండ్లు నిండనివారికి ఈ నిగ్రహము సులభమైనది గాదు.

2007 ఏప్రిల్ 16వ తేదీన వర్జీనియా టెక్ ప్రాంగణమున ఒక దుండగుడు జరిపిన కాల్పులలో 32 మంది ప్రాణములు గోల్పోయినపుడు, క్షతగాత్రులయొద్దకు చేరినవారిలో ఆ విశ్వవిద్యాలయపు విద్యార్థి రక్షకదళమువారును ఉండిరి. తాము చదువు తరగతి భవనములలో, తమవంటి విద్యార్థుల గాయములకు వారు కట్లు కట్టిరి. ఈ యుదంతమును తలచినపుడెల్ల, ఈ యువజనులకు మనము ఒప్పగించు బాధ్యత యెంతటిదో నాకు మరల మరల తోచును. ఇట్టి దినమునకు వారిని సిద్ధపరచు సంస్థ, అట్టి దినము గడచిన పిమ్మట వారిని ఆదుకొనుటకును సిద్ధపడియుండవలెను. తోడివారితో కలసి కూర్చుండి జరిగినదానిని చెప్పుకొనుట, అనుభవజ్ఞుడైన నాయకుడు ప్రక్కనుండి వినుట, కావలసినచో మనస్తత్వవైద్యుని సంప్రదించుట ఈ వృత్తిలో చేతితొడుగులవలె నిత్యావసరములు. కన్నీరు రానివాడే ధీరుడను భావము అంబులెన్సు వృత్తిలో చిరకాలముగా వేళ్లూనినది. దానివలన ఎందరో మంచి సేవకులు ఈ పని విడిచిపోయిరి.

అమెరికాలోని మన తెలుగు కుటుంబములతో ఈ విషయమునకు దగ్గరి సంబంధము కలదు. వైద్యవిద్యను కోరు మన పిల్లలు పలువురు కళాశాలలో నుండగనే ఈ.ఎం.టి. శిక్షణ పొందుచున్నారు. అచ్చట వైద్యకళాశాలలవారు, ప్రవేశము గోరువానికి రోగులతో మెలగిన అనుభవము కలదా యని విచారింతురు. అందుచే కొందరు తల్లిదండ్రులు ఈ సేవను గంటల లెక్కగా మాత్రమే చూచుట కలదు. ఒకనాడు ఒక తల్లి నాతో ఫోనులో, "మాస్టారు గారూ, మా అమ్మాయి ఇంకా ఎన్ని గంటలు చేస్తే మెడికల్ స్కూలువాళ్లకి సరిపోతుందండీ?" అని అడిగినది. "అమ్మా, గంటల సంగతి నేను చెప్పలేను. అమ్మాయి రాత్రి ఎప్పుడు పడుకుంటోందో మీకు తెలుసునా?" అంటిని. "అది ఎప్పుడూ అడగలేదండీ" అని ఆమె నిజము పలికినది. ఆమె బిడ్డయెడ ప్రేమలేనిది గాదు. మన సమాజమున విద్యార్థినిగూర్చి అడుగవలసిన ప్రశ్నల పట్టికలో నిద్ర యను మాట చేరలేదు, అంతియే.

ఇచ్చటినుండి ఉన్నత విద్యకై ఎఫ్-1 వీసాతో పోవు మన విద్యార్థులకు ఒక హెచ్చరిక. చదువు సాగుచుండగా ప్రాంగణములోని ఉద్యోగమునకు వారమునకు 20 గంటలు మించరాదని వలసచట్టము నిర్ణయించినది. ప్రాంగణము వెలుపల జీతమునకు పనిచేయుటకు ప్రత్యేకానుమతి కావలెను. సదుద్దేశముతో చేసితిమనుట చట్టమెదుట సమాధానము కానేరదు. స్వచ్ఛందసేవయైనను ముందుగా విదేశీ విద్యార్థుల కార్యాలయమున విచారించి చేయవలెను.

మన దేశమున ఈ సేవ వేరొక రూపమున నడచుచున్నది. 2005 ఆగస్టు 15న హైదరాబాదున ప్రారంభమైన 108 అంబులెన్సు సేవలో ఈ.ఎం.టి.యు, పైలట్ అని పిలువబడు చోదకుడును పూర్తికాలపు ఉద్యోగులు. వారి శిక్షణాక్రమమున అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు వైద్యులు తోడ్పడిరి. మన కళాశాలలలో విద్యార్థి అంబులెన్సు దళముల సంప్రదాయము లేదు. కాని 1969 నుండి జాతీయ సేవా పథకము కలదు. గుండె నొక్కు విధానమును, రక్తస్రావమును అరికట్టు విధానమును ఆ పథకములోని ప్రతి విద్యార్థికిని నేర్పినచో, 108 వాహనము వచ్చులోపలి ఆ అమూల్యమైన నిమిషములు వ్యర్థముగా పోవు. రోడ్డుప్రమాదమున సహాయము చేసినవానిని వేధింపులనుండి కాపాడుటకు 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించిరి గనుక, పోలీసులకు వెరచి ప్రక్కకు తొలగవలసిన పనియు నేడు లేదు.

దళములను నడుపు నాయకులకును, కళాశాలాధికారులకును నాదొక విన్నపము. తానెన్ని గంటలు పనిచేయగలడో విద్యార్థియే నిర్ణయించుకొనవలెనని వానిపై వదలకుడు. పందొమ్మిదేండ్ల ప్రాయమున పరోపకారబుద్ధి యెంత మిక్కుటముగా నుండునో, తన శక్తి హద్దును గూర్చిన యెరుక అంత తక్కువగా నుండును. షిఫ్టుల పరిమితిని నియమావళిలో వ్రాయుడు. పరీక్షల వారమున దళము చిన్నదైన చిన్నదిగానే నడుపుడు, లేదా ఆ వారమునకు పట్టణపు అంబులెన్సు సహాయమును ముందుగానే కోరుడు. రాత్రియంతయు రోగులను మోసిన విద్యార్థి మరునాటి పరీక్షను మరియొకనాడు వ్రాయుట వానికి హక్కుగా నొసగుడు, అధ్యాపకుని దయాదాక్షిణ్యములకు విడువకుడు.

ఈ సేవలోనున్న యువతీయువకులారా, మీయందు నాకుగల గౌరవము మాటలకందనిది. నిద్రలేని దినమున షిఫ్టునకు రాలేనని ఫోను చేయుటకు సంకోచింపకుడు. ఆ రాత్రి మీకు బదులుగా మేలుకొని వచ్చిన సహచరుని చేతిలో రోగి క్షేమముగా నుండును. తోడివాడు అట్లు ఫోను చేసినపుడు వానిని పిరికివాడని తలపక, ఆ షిఫ్టును మీరు పూరింపుడు.